సోంపు నీళ్ళ మహిమ

పోయిన వారం బతూల్‌ని మనం వాళ్ళమ్మ చాప పక్కన, నోట మాట రాకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. సంగతి మరిచిపోయిన వాళ్ళకి రెండు ముక్కల్లో గుర్తు చేస్తాను. అజమ్మూర్ ఊళ్ళో, పాత కోట గోడ లోపల, కాలే రాగి పళ్ళెం మీద పిండి అద్ది మన పూతరేకుల్లాంటి పల్చటి రేకులు తీసి అమ్ముకునే బతూల్‌కి పెళ్ళి కాలేదు. ముప్ఫై రెండో ఏట, ఊరంతా ముక్కున వేలేసుకుంటుండగా, అనాథల ఆశ్రమం నుంచి రెండు నెలల పసివాణ్ణి తెచ్చుకుని పెంచుకుంది. వాడే ఇల్యాస్. ఇప్పుడు వాడికి పదమూడు. మూతి మీద నూగు, గొంతులో జీర. బళ్ళో మతం పాఠం చెబుతూ మాస్టారు, ఆడది ఎవరెవరి ముందు తల మీద గుడ్డ లేకుండా తిరగవచ్చో వివరించారు. తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు, ఆమె పాలు తాగి పెరిగిన బిడ్డలు. వీడు చదువులో శ్రద్ధ గలవాడు. అన్నీ విని, అందులో తను ఎక్కడా లేనని తేల్చుకున్నాడు. ఆ సాయంత్రమే తన పక్కబట్టలు మేడ మీదికి మార్చాడు. వంటింట్లోకి వచ్చే ముందు దగ్గడం మొదలుపెట్టాడు. తల్లి తల నిమరబోతే తల తప్పించాడు. నిలదీస్తే చివరికి చెప్పాడు: "నేను నీకు రక్తం కాదు, పాలూ కాదు. నావల్ల నీకు పాపం రాకూడదమ్మా."

ఆ మాట పట్టుకెళ్ళి బతూల్ తల్లి హెన్నియా ముందు కూలబడి ఏడిస్తే, ఎనభై దాటిన ఆ ముసలమ్మ పళ్ళు లేని నోట్లో ఖర్జూరం అటూ ఇటూ తిప్పుకుంటూ, "పాల సంగతైతే నన్నడక్కే. మీ అక్కనడుగు" అంది. మనం ఆగింది అక్కడ.

అడగమనడం తేలికే. అడగాలంటే ముందు మాటలుండాలి కదా. అక్క మహజూబాకీ చెల్లెలు బతూల్‌కీ మాటలు లేక ఇల్యాస్ వయసంత కాలమైంది. వాణ్ణి ఇంటికి తెచ్చిన వారంలోనే మహజూబా భర్త బూషయిబ్, పరుపులు కుట్టే పెద్దమేస్త్రి, నలుగురి ముందు ఒక మాట అనేశాడు: "ఎవరు కన్నారో తెలియని బిడ్డ నా గడప తొక్కడానికి వీల్లేదు. ఆ ఇంటి గడప నేనూ తొక్కను." బూషయిబ్ చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయన నోటి నుంచి మాటంటూ ఒకసారి బయటికొస్తే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకే చేతకాదు. అలాంటి మగవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ మాటకి విలువ నిలబెట్టడానికి వాళ్ళ పెళ్ళాలు నానా తంటాలూ పడుతూ ఉంటారు. మహజూబా మొగుడి వైపు నిలబడింది, బతూల్ బిడ్డ వైపు నిలబడింది. అప్పట్నుంచీ పెళ్ళిళ్ళలోనో చావుల్లోనో ఎదురుపడితే ఒక సలాం, ఒక "బాగున్నావా", అంతే. జవాబు వినేదాకా ఇద్దరూ ఆగేవారు కాదు.

అలాంటి ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళలేక బతూల్ పొద్దున తీసిన రేకుల్లో మంచివి ఏరి గుడ్డలో చుట్టుకుంది. రంజాన్ నెల దగ్గర పడుతోంది. ఊళ్ళో ప్రతి ఇంటికీ రేకులు కావాలి, ఆమెకి తల గోక్కునే తీరిక లేని రోజులవి. అయినా పొయ్యి ఆర్పేసింది. పట్టపగలు ఆ పొయ్యి ఆరడం చూసి ఎదురింటామె, "పిల్లాడికి ఒంట్లో బాగాలేదా?" అని గుమ్మంలోంచే అడిగింది. "బాగానే ఉంది" అని బతూల్ నది ఒడ్డున ఉన్న అక్క ఇంటి వైపు దారి పట్టింది. అబద్ధం కాదు. ఒంట్లో బాగానే ఉంది.

తలుపు తీసింది జవాద్. మహజూబా అయిదుగురు పిల్లల్లో కడసారపువాడు, ఇల్యాస్ కంటే ఓ నెల చిన్న. ఇద్దరూ ఒకే బడి, ఒకే బంతి. ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి మాటల్లేవన్న సంగతి వాళ్ళ ఆటకి ఎప్పుడూ అడ్డురాలేదు. గుమ్మంలో బతూల్‌ని చూసి వాడు తెల్లమొహం వేశాడు.

"పిన్నీ, ఇల్యాస్ ఏమైనా చెప్పాడా? ఆ కిటికీ అద్దం నేను పగలగొట్టలేదు."

"నేను అద్దం కోసం రాలేదులే. మీ అమ్మేదిరా?"

"మేడ మీద. ఉన్ని కొడుతోంది." వాడు కాల్చాల్సిన రొట్టెల పలక నెత్తిన పెట్టుకుని వీధి బట్టీకి పరుగు తీశాడు, ఇంకో ప్రశ్న వినిపించే లోపే.

మొగుడు ఊరందరికీ పరుపులు కుట్టే మేస్త్రి అయినా, పండగ నెల ముందు సొంత ఇంటి పరుపులు విప్పి, ఉన్ని ఉతికి ఆరబెట్టుకోవడం మహజూబా పనే. మేడంతా తెల్లగా ఉన్ని పరుచుకుని ఉంది. మధ్యలో ఆమె, నడుముకి గుడ్డ బిగించి, చేతికర్రతో ఆ ఉన్నిని బాదుతోంది. మెట్ల మీద చెల్లెల్ని చూడగానే కర్ర గాల్లోనే ఆగింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదక్కా."

"అమ్మ?"

"ఖర్జూరం తింటోంది."

మహజూబా ఊపిరి తీసుకుంది. కర్ర మళ్ళీ ఉన్ని మీద పడింది. "అయితే ఇంకేం పని నాతో? చావు లేదు, పెళ్ళి లేదు. ఎండ పోతోంది, ఉన్ని ఇంకా తడిగా ఉంది."

బతూల్ రేకుల మూట గోడ మీద పెట్టింది. అక్కడ ఇంకో కర్ర ఉంది. అది తీసుకుని అక్కకి ఎదురుగా నిలబడి తనూ కొట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు తల్లి దగ్గర ఇద్దరూ ఇలాగే కొట్టేవారు, ఒకరి తర్వాత ఒకరు, కర్రకి కర్ర తగలకుండా. చేతులకి ఆ లెక్క ఇంకా గుర్తుంది. నాలుగు దెబ్బల తర్వాత మహజూబా అంది, "రేకులు పల్చబడ్డట్టున్నాయే. లాభం ఎక్కువ వస్తోందా?"

"పల్చగా తీయడమే కష్టం. నీకు తెలుసు."

"నాకేం తెలుసు. నువ్వు అమ్మిన రేకులు మా ఇంటికి ఎప్పుడొచ్చాయి గనక."

"ప్రతి రంజాన్‌కీ మీ పెద్దమ్మాయి వచ్చి పట్టుకెళ్తుంది. పక్కింటివాళ్ళకని చెప్పి."

మహజూబా నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. బతూల్ కర్ర ఆపకుండానే అసలు సంగతి చెప్పింది. మేడ మీద పక్క, గుమ్మంలో దగ్గు, తప్పించుకునే తల, బళ్ళో పాఠం. చెబుతూ చెబుతూ ఉన్నిని అవసరానికి మించి బాదింది.

"మగపిల్లలంతేనే," అంది అక్క. "మా వాడూ అంతే. ముద్దు పెట్టుకోబోతే మూతి తుడుచుకుంటాడు. దానికే ఇంత ఏడుపా?"

"జవాద్ సిగ్గుపడి తప్పించుకుంటున్నాడు అక్కా. నా కొడుకు భయపడి తప్పించుకుంటున్నాడు. నేను వడ్డిస్తే అన్నం తినడు, పక్కన పెట్టి పోతే తింటాడు. మొన్న జ్వరం వస్తే నుదురు చూడనివ్వలేదు. గోడ వైపు తిరిగి, 'గుడ్డ వేసుకున్నావా అమ్మా' అని అడిగాడు." బతూల్ ఉన్ని మీద ఇంకో దెబ్బ వేసింది. "చాప వదలని అమ్మని పక్కన పెడితే ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. వాడి ముందు కూడా ముసుగేసుకుంటే, నేనింక ఎవరి ముందు తియ్యాలి?"

"వాడు చెప్పింది తప్పు కాదుగా మరి."

"తప్పు కాదు. తప్పయితే చెంప మీద ఒకటిచ్చి అన్నం పెట్టేదాన్ని. కాదు గనకే నీ దగ్గరికి వచ్చాను. పాల సంగతి మీ అక్కనడుగు అంది అమ్మ."

మహజూబా చేతిలో కర్ర జారి ఉన్ని మీద పడింది. ఆమె దాన్ని తీయలేదు. "ముసల్దానా," అంది తల్లి ఎదురుగా ఉన్నట్టే. "ఎవరికీ చెప్పనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది నాకు." తర్వాత పిట్టగోడ నీడలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, చెల్లెలి వైపు తిరిగింది.

"బతూల్. నీ కొడుకు పసివాడప్పుడు కడుపునొప్పితో ఏడిస్తే ఏం పట్టించేదానివి?"

"సోంపు నీళ్ళు." ఈ ప్రశ్న ఎందుకో బతూల్‌కి అర్థం కాలేదు.

"పనిచేసేవా?"

"నేను పట్టిస్తే ఏనాడూ చేయలేదు. అమ్మ పట్టిస్తే మాత్రం ఇట్టే నిద్రపోయేవాడు. నేను సంతకెళ్ళి వచ్చేసరికి పొట్ట నిండుగా, బుగ్గలు ఎర్రగా... అమ్మ చేతి చలవ అనుకునేదాన్ని."

"అదే చెప్పి రెండు వీధుల పసిపిల్లలకి సోంపు నీళ్ళు పట్టించావు కదే. జైనబ్ మనవడికి, ఆ మంగలి కూతురికి. వాళ్ళ తల్లులు నీ మాట నమ్మి, పిల్లాడు ఆగట్లేదేంటా అని చెంబులు చెంబులు కాచి పోశారు." మహజూబా తల అడ్డంగా ఊపింది. "నువ్వు లోకజ్ఞానం లేనిదానివని నాకు తెలుసు గానీ, మరీ ఇంత అనుకోలేదు. సోంపు నీళ్ళకి బుగ్గలొస్తాయటే?"

బతూల్ చేతిలో కర్ర కూడా ఆగిపోయింది.

"వాణ్ణి తెచ్చుకున్న కొత్తలో ఒక శుక్రవారం నువ్వు పెంపకం కాగితాల కోసం జదీదా పట్నం కోర్టుకి వెళ్ళావు," అంది మహజూబా. "నేను అమ్మకి అన్నం గిన్నె ఇచ్చిపోదామని వచ్చాను. సందు మొదట్లోకే వినిపించింది ఏడుపు. కడుపునొప్పి ఏడుపు వేరు, ఆకలి ఏడుపు వేరు. కన్నదానికి తెలుస్తుంది. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని, సీసా నోట్లో పెడుతూ, వాడు ఉమ్మేస్తూ, ఇద్దరూ ఏడుస్తున్నారు. చంకలో జవాద్ ఉన్నాడు నాకు. గడపలో నిలబడ్డాను. లోపలికి రానని ఒట్టుంది మా ఆయనది. ఆలోచించడానికి నాకు టైమెక్కడిది? పాలు చేపి బట్టలు తడిసిపోయాయి అప్పటికే. లోపలికెళ్ళి వాణ్ణి తీసుకుని పాలిచ్చేశాను. నా కోపం నీ మీద గానీ వాడి మీద కాదు. నీ మీదైనా, ఆ కోపం నా బుర్రకి తెలుసు, పాలకి తెలియదుగా."

"అక్కా."

"చెప్పనియ్యి. మళ్ళీ చెప్పమంటే చెప్పలేను. ఒక్కసారే అనుకున్నాను. మళ్ళీ సోమవారం నువ్వు సంతకెళ్ళావు. అమ్మ మీ ఎదురింటి పిల్లని పంపింది, గిన్నె తీసుకుపొమ్మని. గిన్నె కాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. ఆ చలికాలమంతా అంతే. జవాద్ ఒక పక్క, నీవాడు ఒక పక్క. నీవాడు తాగుతున్నంతసేపూ జవాద్ చెవి పట్టుకునేవాడు. వాడి ఎడం చెవి చూడు, ఇప్పటికీ కుడిదాని కంటే కాస్త ముందుకే ఉంటుంది."

బతూల్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఉన్ని మీద కూర్చుండిపోయింది. కొడుకు దొరికాడన్న సంతోషం ముందొచ్చింది. కాసేపటికి కోపం కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది.

"పదమూడేళ్ళు నాకెందుకు చెప్పలేదు? నీకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళకి నా కొడుకు తమ్ముడని తెలియకుండా, రేపెప్పుడైనా పెళ్ళి మాట వస్తే..."

"ఆ దాకా వస్తే చెప్పేదాన్ని. చెప్పకుండా నరకానికి పోతానా ఏంటి."

"ఇప్పుడు మాత్రం ఎక్కడున్నాను నేను? మూడు వారాలుగా."

ఆ మాట మహజూబాకి తగిలింది. ఆమె ఉన్ని పీచులు ఒక్కొక్కటీ వేళ్ళకి చుట్టుకుంది. "పాలు పట్టేది మనమే అయినా వాటికి యజమాని మొగుడంటారు కదే. నేను పట్టించిన బిడ్డకి ఆయన తండ్రవుతాడు. ఎవరు కన్నారో తెలియని బిడ్డ నా గడప తొక్కకూడదు అన్న మనిషి. ఆ బిడ్డనే తీసుకెళ్ళి ఆయన కొడుకుని చేసి కూర్చున్నాను నేను, ఆయనకి తెలియకుండా. ఎలా చెప్పమంటావు? అన్నం వడ్డిస్తూ చెప్పనా?"

"అసలు నువ్వు ఆయన వైపు ఎందుకు నిలబడ్డావక్కా? ఆయన సంగతి సరే. నీకేం అడ్డొచ్చాడు వాడు?"

ఈ ప్రశ్న ఇన్నేళ్ళుగా బతూల్ కడుపులో ఉంది. మహజూబా లేచి వెళ్ళి, గోడ మీది మూట విప్పి, పైరేకు ఒకటి తీసి ఎండకి ఎత్తి చూసింది. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ పెట్టేసింది.

"జవాద్ కడుపున పడ్డాడని తెలిసినప్పుడే అనుకున్నాను, ఇది బతూల్‌కి అని," అంది అటు తిరిగే. "నలుగురున్నారు నాకు. నీకు ఎవరూ లేరు. అక్క బిడ్డని చెల్లి పెంచుకోవడం మన ఇళ్ళల్లో కొత్తా? అమ్మతో కూడా చెప్పాను. పురుడు పోసుకుని, నలభై రోజులూ వెళ్ళాక, తెల్ల గుడ్డలో చుట్టి నీ ఒళ్ళో పెడదామని ఎదురుచూస్తున్నాను. ఈలోగా నువ్వెళ్ళి ఎక్కడినుంచో ఒకణ్ణి తెచ్చుకున్నావు. నన్ను ఒక్క మాట అడగలేదు. నా బిడ్డ నీకు పనికిరాడా అనిపించింది."

ఊరు అన్నవన్నీ బతూల్‌కి తెలుసు. పెళ్ళి కాని దానికి బిడ్డేమిటన్నారు, అది దాని సొంత బిడ్డేనేమో అన్నారు. అక్క కూడా వాటిలో ఏదో ఒకటి నమ్మి ఉంటుందనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపింది. దీన్ని మాత్రం ఊహించలేదు.

"నువ్విస్తావని నాకు తెలుసక్కా," అంది చివరికి. "అమ్మ చెప్పింది. అందుకే తొందరపడి వెళ్ళాను."

మహజూబా గిర్రున తిరిగింది.

"నీ ఒడి ఖాళీ చేసి నా ఒడి నింపుకోవడం నాకిష్టం లేకపోయింది. జవాద్‌ని నాకిచ్చి, ప్రతి శుక్రవారం నువ్వు వచ్చి వాణ్ణి చూసి వెళ్ళిపోతుంటే, నేనెలా చూడను? ఎవరూ లేనివాడు కావాలనుకున్నాను. వాడికి నేను, నాకు వాడు. ఎవరికీ లోటు రాదనుకున్నాను." ఆమె ముక్కు తుడుచుకుంది. "నీకు చెప్పాల్సింది. చెబితే నువ్వు ఒప్పుకోవని భయపడ్డాను."

"ఒప్పుకునేదాన్నే కాదు," అంది మహజూబా. వచ్చి చెల్లెలి పక్కన ఉన్నిలో కూలబడింది. ఇద్దరి బట్టల నిండా తెల్ల పీచే. అక్క చెల్లెలి తల మీది గుడ్డ సర్ది, అందులో ఇరుక్కున్న పీచు తీసిపారేసింది.

"పో. పోయి వాడికి చెప్పు. వాడు నీ అక్క పాలు తాగిన బిడ్డ. రక్తం వల్ల ఏ చుట్టరికం వస్తుందో పాల వల్లా అదే వస్తుందని పెద్దలన్నారు. వాడి ముందు నువ్వు జుట్టు విరబోసుకుని గంతులేసినా అడిగే మొనగాడు లేడు. సాక్షి కావాలంటే అమ్మ ఉంది, నేనున్నాను."

"మరి బావ?"

"ఇవాళే చెబుతాను. దుకాణం నుంచి రాగానే. అన్నం ముందే చెబుతాను, తిన్నాక అయితే అరగదు ఆయనకి."

బతూల్ ఇంటికి నడిచి వెళ్ళిందంటే నేను నమ్మను. దారిలో ఎవరెవరు సలాం చెప్పారో ఆమెకి గుర్తు లేదు. వీధి తలుపు తోసి, మెట్లెక్కుతూనే తల మీది గుడ్డ లాగి చేతికి చుట్టుకుంది.

ఇల్యాస్ మేడ మీద పరుపు చుట్టకి ఆనుకుని లెక్కలు చేసుకుంటున్నాడు. అడుగుల చప్పుడు విని తలెత్తాడు. తల్లి జుట్టు కనపడగానే తల తిప్పేసి గోడని చూడసాగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇటు తిరుగు."

"అమ్మా, గుడ్డ."

"తిరక్కపోతే మానె, అలాగే విను."

వాడి వీపుకే చెప్పింది. శుక్రవారం, కోర్టు, సందులో ఏడుపు, గిన్నె, చలికాలం. సోంపు నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాడి భుజాలు కదిలాయి, నవ్వో ఏడుపో తెలియలేదు. అయినా వీడు ఊరికే నమ్మే రకం కాదు. గోడ వైపు చూస్తూనే అడిగాడు.

"నాకప్పటికి రెండేళ్ళు నిండలేదుగా?"

"బోర్లా పడ్డం కూడా రాలేదు నీకు."

"నిజంగా తాగానా? నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే లెక్కలోకి రాదు."

"తాగావో లేదో జవాద్ చెవినడుగు."

వాడు కాస్త ఆగాడు. "వాడి ఎడం చెవా?" అన్నాడు. "వాడెప్పుడూ అంటాడు, పుట్టుకతోనే ఇలా ఉందని." ఈసారి నవ్వే, అనుమానం లేదు. నవ్వుతూ మెల్లగా ఇటు తిరిగాడు. పరాయి ఇంట్లో అడుగు పెట్టినట్టు, ముందు ఆమె కాళ్ళు చూసి, తర్వాత చేతులు చూసి, ఆఖరికి ధైర్యం చేసి మొహం చూశాడు. జుట్టు చూశాడు.

"తెల్ల వెంట్రుకలొచ్చాయి నీకు."

"ఎవరివల్లంటావు?"

వాడు లేచి వచ్చాడు. మూడు వారాల్లో ఇంత పొడుగెప్పుడయ్యాడో, ఆమె చేతులు చాచేసరికి వాడి గడ్డం ఆమె తల మీద ఆనింది. బతూల్ వాణ్ణి గట్టిగా పట్టుకుంది. చెమట, సిరా, ఎండలో మాగిన పరుపు, అన్నీ కలిసిన వాసన. ఆ వాసన కోసం ఆమె ఎంత అల్లాడిందో అప్పుడే తెలిసింది.

"అయితే," అన్నాడు వాడు ఆమె తల మీంచి, ఆలోచిస్తూ, "మహజూబా పెద్దమ్మ నాకు అమ్మ. నువ్వు పిన్నివి."

బతూల్ చేతులు వాడి వీపు మీద అలాగే ఉండిపోయాయి. నది దగ్గర్నుంచి ఇంటి దాకా పరుగెత్తుకొచ్చిన మనిషికి ఈ సంగతి తట్టనే లేదు. ఏ తలుపు లోంచి వాడు తన దగ్గరికి తిరిగొచ్చాడో, ఆ తలుపు లోంచే 'అమ్మ' అన్న మాట బయటికి వెళ్ళిపోతుందని ఆమె అనుకోలేదు. పాఠం ప్రకారం అంతే మరి. పొద్దుట ఏమీ లేని దానికి ఇప్పుడు ఒక చుట్టరికం దొరికింది, దానికే అల్లాకి శుక్రియా చెప్పుకోవాలని తనకి తాను నచ్చజెప్పుకుంది. మనసు వినలేదు.

"అంతేరా," అంది. "పాఠం ప్రకారం అంతే."

ఇల్యాస్ వెనక్కి జరిగి ఆమె మొహం చూశాడు. వాడికి చాలా విషయాలు పుస్తకంలోంచే తెలుసు గానీ, ఈ మొహం మాత్రం పుస్తకం అక్కర్లేకుండా చదవగలడు.

"ఎవరి ముందు గుడ్డ తియ్యొచ్చో చెప్పారు మాస్టారు," అన్నాడు నెమ్మదిగా. "ఎవరిని ఏమని పిలవాలో ఏమీ చెప్పలేదు, అమ్మా."

బతూల్ వాడి చొక్కాలో మొహం దాచుకుంది. పొద్దు గుంకి, మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఇద్దరూ విన్నారు గానీ ఎవరూ ముందు కదల్లేదు. అజాన్ అయిపోయాక కింద వీధి తలుపు మీద గట్టిగా చప్పుడైంది. పిట్టగోడ మీంచి వంగి చూశారు.

కింద బూషయిబ్ నిలబడి ఉన్నాడు. పని అంగీ ఇంకా మార్చుకోలేదు, భుజాల మీద ఉన్ని పీచు అలాగే ఉంది. ఆయన వెనక మహజూబా, ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఏడ్చిందో లేదో పైనుంచి తెలియలేదు.

"లోపలికి రా బావా," అంది బతూల్.

"నేనన్న మాట ఒకటుంది. ఈ గడప తొక్కను." ఆయన తలెత్తి చూడలేదు. తలుపుతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "నా కొడుకుని బయటికి పంపు."

"ఎందుకు బావా?"

"తండ్రి కొడుకుని ఎందుకు పిలుస్తాడో నీకు చెప్పాలా?"

ఆ గొంతులో కోపం ఉందో, ఇంకేమన్నా ఉందో బతూల్‌కి అంతుపట్టలేదు. వీధిలో అప్పుడే రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే కొడుకు చేతిని వెతుక్కుంది. వాడు కిందికి చూశాడు, ఆమెని చూశాడు. పాఠాలన్నీ శ్రద్ధగా విన్న పిల్లాడు కదా.

"తండ్రి పిలిస్తే వెళ్ళాలని కూడా మాస్టారే చెప్పారమ్మా," అన్నాడు ఇల్యాస్. అన్నాడు గానీ, ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.